ఏడోసారి సరే

తుంగపాడులో తెలివైన ఇల్లు ఏదంటే పోలమ్మ ఇల్లు. ఆ మాట చెప్పేది పోలమ్మే. కాదనడానికి ఎవరూ పని మానుకుని రారు కాబట్టి అది అలాగే ఉండిపోయింది.

ఇంట్లో పోలమ్మ, పెద్దకొడుకు గవరయ్య, అతని పెళ్ళాం సన్యాసమ్మ, చిన్నకొడుకు చిట్టియ్య. ఐదోది కర్రి. కర్రి గేదె. పోలమ్మ దాన్ని కూడా మనుషుల్లోనే కలిపి చెప్పేది.

వాళ్ళు తుంగ చాపలు నేసి అమ్ముతారు. ఆ ఏడు వానలు పడలేదు. పంట పోయింది. తిండికే తడుముకుంటున్న ఊళ్ళో చాప కొనేవాడు లేడు. ముప్పై చాపలు చూరు దాకా పేరుకున్నాయి. గడ్డి ధర మాత్రం పెరిగింది.

"చాపలు అమ్ముడైతే కర్రికి గడ్డి. లేదంటే కర్రిని అమ్మేయడమే," అంది పోలమ్మ. అని, గోడవైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు పోలమ్మ తమ్ముడు అసిరయ్య వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఊరూరా గాజులమ్మిన మనిషి.

"వద్దన్నారని వచ్చేస్తే ఎలారా? కరువులో ఎవరైనా ముందు వద్దనే అంటారు. మళ్ళీ వెళ్ళాలి. ఒకసారి కాదు, ఏడుసార్లు. ఏడోసారికి ఎవరైనా సరే అనాల్సిందే," అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

"విన్నావా అన్నయ్యా? ఏడోసారి సరే," అన్నాడు చిట్టియ్య. మర్చిపోకుండా లెక్క పెట్టడానికి ఒక పురికొస చేతికి చుట్టుకున్నాడు. వద్దన్నప్పుడల్లా ఒక ముడి.

మర్నాడు పొద్దున్నే పంతులమ్మగారి ఇంటికి వెళ్ళారు.

"చాప కావాలా అమ్మా?"

"వద్దు నాయనా."

ముడి. మెట్టు దిగారు. మళ్ళీ ఎక్కారు.

"చాప కావాలా అమ్మా?"

"ఇప్పుడేగా వద్దన్నాను!"

ముడి. దిగారు. ఎక్కారు. ఆరు ముళ్ళు పడ్డాయి. పొయ్యి మీద పప్పు మాడింది. ఏడోసారి వాళ్ళు అడగక ముందే పంతులమ్మగారు చాప లాక్కుని, డబ్బులు విసిరేసి, తలుపేసుకున్నారు.

ఇంకేముంది. మావయ్య మాట మంత్రంలా పనిచేసింది. పన్నెండు ఇళ్ళు తిరిగారు. ఊళ్ళో ఆ పూట పన్నెండు వంటలు మాడాయి. పన్నెండు చాపలు అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతో పెద్ద గడ్డి మోపు కొని వాకిట్లో వేశారు. కర్రి తినడం మొదలెట్టింది. పోలమ్మ గోడవైపు నుంచి మొహం ఇటు తిప్పింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని పదమూడో ఇంట్లో సూరమ్మ ఎదురొచ్చింది.

"మంచి వేళకి వచ్చారు. రెండు చాపలు ఇవ్వండర్రా."

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు.

"అలా అనకూడదు పిన్నీ. ముందు వద్దనాలి," అన్నాడు గవరయ్య.

"ఎందుకురా? నాకు కావాలి. మా ఆడపడుచు పురిటికొచ్చింది."

"కావాలంటే ఏడోసారి తీసుకుందువు గాని. ఇది మొదటిసారి. వద్దను పిన్నీ. నీకు పుణ్యముంటుంది."

"మీకేమైనా పిచ్చా?"

"అది వద్దన్నట్టా, కాదా?" అని అడిగాడు చిట్టియ్య, పురికొస పట్టుకుని.

"పొండి అవతలకి!"

"అన్నట్టే," అన్నాడు గవరయ్య. ముడి పడింది. ఇద్దరూ సంతోషంగా మెట్లు దిగారు. మళ్ళీ ఎక్కేసరికి సూరమ్మ కళ్ళాపి బకెట్‌తో నిలబడి ఉంది. అంతే. పేడనీళ్ళు కార్చుకుంటూ, రెండో ముడి వేసుకుంటూ ఇంటికి వచ్చారు.

ఇంటి దగ్గర పని ఇంకా ముందుకి వెళ్ళింది. పొరుగూరి నుంచి ఒకాయన బండి కట్టుకుని వచ్చాడట, పెళ్ళికి పదిహేను చాపలు కావాలని.

"ఇదివరకు ఎన్నిసార్లు వచ్చారు బాబూ అని అడిగాను," అంది సన్యాసమ్మ. "ఎప్పుడూ రాలేదన్నాడు. అయితే ఇంకా ఆరుసార్లు రండి అన్నాను. మన లెక్క మనం తప్పకూడదు కదా."

"ఏమన్నాడే?"

"బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు."

"మొదటిసారి అయిపోయిందన్నమాట," అన్నాడు గవరయ్య. నలుగురూ తృప్తిగా గంజి తాగారు.

ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్ళకి పాకింది. గేదెల బేరగాడు బంగారయ్య చెవిన పడింది. అతను మర్నాడు పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"కర్రిని ఇస్తావా అత్తా?"

"ఇవ్వను. గడ్డి ఉంది. ఇవ్వాల్సిన పని లేదు," అంది పోలమ్మ.

బంగారయ్య వీధి గుమ్మం దాటాడు. మళ్ళీ లోపలికి వచ్చాడు.

"కర్రిని ఇస్తావా అత్తా?"

"ఇవ్వనన్నానుగా."

చిట్టియ్య చేతిలో పురికొసకి వాటంతటవే అన్నట్టు ముళ్ళు పడ్డాయి. మూడు. నాలుగు. ఐదోసారికి పోలమ్మ గొంతు తగ్గింది. ఆరోసారికి, "ఇంక రాకు నాయనా," అంది.

బంగారయ్య ఏడోసారి వచ్చాడు.

పోలమ్మ లేచింది. గుంజకున్న తాడు విప్పి అతని చేతిలో పెట్టింది.

"సరే," అంది.

అతనిచ్చిన నోట్లు కొంగున ముడేసుకుంది. కర్రి తినేది కదా అని గడ్డి మోపు కూడా వెనకే పంపించారు.

ఆ రోజు పోలమ్మ అన్నం తినలేదు. ఖాళీ గుంజ దగ్గర చాప వేసుకుని కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం కర్రి వచ్చేసింది. తాడు తెంపుకుని, రెండూళ్ళు దాటి, ఒంటరిగా వచ్చి గుంజ దగ్గర నిలబడింది. పోలమ్మ దాని మెడ కావలించుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"మొదటిసారి," అంది.

"అవునమ్మా, మొదటిసారి," అన్నారు కొడుకులు. ఏడుస్తూనే దాన్ని తోలుకెళ్ళి బంగారయ్యకి అప్పగించారు.

రెండో రోజు కర్రి వచ్చింది. తోలుకెళ్ళారు. మూడో రోజు వచ్చింది. తోలుకెళ్ళారు. నాలుగో రోజు బంగారయ్య వాళ్ళ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

"బాబూ, ఇది పాలివ్వదు, కట్టుకి నిలవదు, నన్ను తన్నింది. నా డబ్బు నాకిచ్చి మీరే ఉంచుకోండి."

"వస్తున్నది నువ్వు కాదు కదా బావా, కర్రి," అన్నాడు గవరయ్య. "మధ్యలో నువ్వు మాట్లాడకూడదు."

ఐదో రోజు వాన చినుకుల్లో వచ్చింది. ఆరో రోజు కుంటుతూ వచ్చింది. ఏడో రోజు ఇంటిల్లిపాదీ తెల్లవారుజామునే స్నానాలు చేసి వాకిట్లో నిలబడ్డారు. ఎండెక్కింది. కర్రి రాలేదు. పోలమ్మ వీధి చివరికి వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళి వచ్చింది.

సాయంత్రానికి కర్రి మలుపు తిరిగింది.

"సరే!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు. "సరే, సరే, సరే!"

పోలమ్మ దాన్ని గుంజకి కట్టి కొంగు ముడి విప్పింది. "ఒకరి సొత్తు ఊరికే తీసుకునే ఇల్లు కాదు మనది. డబ్బు ఇచ్చేయాలి."

"ఎవరికత్తా?" అంది సన్యాసమ్మ.

"తనని తాను అమ్ముకోవడానికి ఏడుసార్లు కాళ్ళరిగేలా తిరిగిందెవరు? బంగారయ్యా?"

నిజమే అనిపించింది అందరికీ. నోట్లు గంగాళంలో, కుడితి పైన పరిచి కర్రి ముందు పెట్టారు. రోజంతా నడిచి వచ్చిందేమో, లెక్క చూసుకోలేదు. మొత్తం తీసేసుకుంది.

కాసేపటికి బంగారయ్య రొప్పుకుంటూ వచ్చి పడ్డాడు. "గేదె ఇక్కడే ఉందా? మంచిదే, ఉంచుకోండి. నా డబ్బు నాకివ్వండి."

"ఇచ్చేశాం," అంది పోలమ్మ.

"ఎవరికి?"

నలుగురూ కర్రిని చూపించారు. కర్రి నెమరు వేస్తోంది. మూతికి ఒక నోటు ముక్క అంటుకుని ఉంది.

బంగారయ్య నేల మీద కూలబడ్డాడు. మట్టిలో కూర్చున్న మనిషిని చూసి చిట్టియ్య మనసు కరిగింది. లోపలికెళ్ళి ఒక చాప తెచ్చాడు.

"చాప కావాలా బావా?"

"వద్దు!" అని అరిచాడు బంగారయ్య.

చిట్టియ్య మొహం వెలిగిపోయింది. పురికొస తీశాడు.

"అమ్మా, ఒకటి!"