కిర్రుమనని తలుపు

ఏరు ఊళ్ళోకి వస్తోందని తెలిసి ఊరు గుట్ట మీదికి మారింది. అక్కడి ఇళ్ళన్నీ ముందే అచ్చుపోసి నిలబెట్టినవి. ఇనుప చట్రాలు, నున్నటి గోడలు. ఏ ఇంటికీ గూళ్ళు లేవు, గడపలు లేవు.

చూపు లేని ముసలమ్మ ఇంటిని కొత్తచోట ఉన్నదున్నట్టు అమర్చే పని వడ్రంగి ఒప్పుకున్నాడు.

"చూడ్డానికి వెంట్రుకవాసి తేడా రాదు పెద్దమ్మా" అన్నాడు. ఆమెకు అలాంటి హామీ ఇవ్వగలవాడు ఊళ్ళో అతనొక్కడే.

"చూడ్డం నాకెందుకురా. చెయ్యి చాపితే తగిలితే చాలు" అందామె.

ఇంట్లో ఏమేం ఉన్నాయో అతను ఇరుగుపొరుగుని అడిగి రాసుకున్నాడు. ముసలమ్మని అడగలేదు. చూడని మనిషికి ఏం తెలుస్తుందనుకున్నాడు.

పనిమంతుడే. గూడు లేనిచోట చెక్కపెట్టె వేలాడదీశాడు. గడప లేనిచోట బద్ద అడ్డంగా బిగించాడు. పాత తలుపు రాతి గుంటలో తిరిగేది. ఇనుప చట్రంలో ఆ రాయికి చోటు లేదు. అందుకని కొత్త తలుపు బందుల మీద నిలిపి, ఎవరు తీసినా తెలిసేలా పైన గంట కట్టాడు.

పాత తలుపు ముప్పై ఏళ్ళు కిర్రుమంది. ఆముదం వేస్తానని అతను వెళ్ళినప్పుడల్లా ముసలమ్మ వెనక్కి పంపేది. చెంచాడు ఆముదానికి గింజుకుంటుందని ఊరంతా అనేది. పని ఎగ్గొట్టినా ఊరు ఇలాంటి మాటలు ఎగ్గొట్టదు.

"కిర్రు పోయింది, చూడు" అన్నాడు వడ్రంగి.

ముసలమ్మ తలుపు రెండుసార్లు తీసి వేసింది. "పోయింది" అంది.

ఆమెకు ఒక మూగ తమ్ముడు. రోజూ సాయంత్రం వచ్చి, తలుపు సగం తోసి ఆగేవాడు. "రా తమ్ముడూ" అంటే గాని గడప దాటడు. పిలవనిదే పెళ్ళికైనా వెళ్ళని వంశం. ఆకలి మాత్రం వాళ్ళ ఇంటికి పిలవకుండానే వచ్చేది. పక్కింటామె తీస్తే తలుపు పొడుగ్గా కిర్రుమనేది. మేక తోస్తే రెండు ముక్కలుగా. సగంలో ఆగిన కిర్రు తమ్ముడిది.

కొత్త ఇంట్లో గంట మోగింది. "ఎవరూ?" అంది ముసలమ్మ. జవాబు లేదు. గాలి అనుకుంది. అలా మూడు సాయంత్రాలు గాలి వచ్చి వెళ్ళింది.

నాలుగో రోజు తమ్ముడు మూట కట్టుకుని పడవెక్కి ఏరు దాటి వెళ్ళిపోయాడు. గుట్టెక్కాక అక్కకి పొగరు కూడా ఎక్కిందని ఊరు చెప్పుకుంది.

"అన్నీ తెచ్చావు నాయనా" అంది ముసలమ్మ వడ్రంగితో. "మా తమ్ముణ్ణి మాత్రం కిందే వదిలేసినట్టున్నావు."

వడ్రంగి గుట్ట దిగి పరుగెత్తాడు. పాత తలుపు తిరిగిన రాయి నీళ్ళ కింద ఉంది. ఏటికి అవతలి ఒడ్డు కనపడలేదు.

ఆనాటి నుంచి గంట ఎలా మోగినా ఆమె "రా తమ్ముడూ" అంటుంది. పక్కింటామె నవ్వుకుంది. మేక నవ్వకుండా లోపలికి వెళ్ళింది.

ఒక సాయంత్రం వడ్రంగి వచ్చి, తలుపు సగం తోసి ఆగాడు.

"రా తమ్ముడూ."

పొద్దస్తమానం వాగే మనిషి ఆ పూట నోరు తెరవలేదు. వెళ్ళి గోడవారగా కూర్చున్నాడు. ఆమె గంజి పోసి ముంత చేతికిచ్చింది.

"ఒంటి మీద రంపప్పొట్టు వాసనేస్తోంది తమ్ముడూ" అంది.

అతను గంజి తాగాడు. వెళ్ళేటప్పుడు తలుపు సగం వేసి కాసేపు ఆగాడు. పైన గంట మోగింది. తలుపు ఏమీ అనలేదు.