పదహారు రోజుల పందిరి

"శోకాన్ని జయించడం ఎలాగమ్మా?" అని అడిగాడు జోగారావు.

ప్రశ్న మంచిదే, అడిగిన వేళే బాగాలేదు. గోదారి లంకల మీదికెక్కి కూర్చుంది. పడవల్లో దాటించిన జనం సీతారావమ్మ గారి రెండు గదుల్లోనూ, వంటింట్లోనూ, మంచాల కిందా కూడా సర్దుకుని ఉన్నారు. వరండా రేకులు మొదటి గాలికే ఎగిరిపోయాయి. ఆవిడ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని తడిపుల్లల్ని ఊదుతున్నారు. జోగారావు ఆ పొగలోనే చేతులు కట్టుకుని నిలబడి, జవాబు కోసం ఎదురుచూశాడు.

సీతారావమ్మ గారు ఆ గట్టు వెంబడి ఊళ్లల్లో పేరున్న గురువు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింట్లో కూర్చుని తండ్రి దగ్గర వేదాంతం చదువుకున్నారు. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. ముందు చేతికేదో ఒక పని అప్పజెబుతారు. అహంకారం పోవడమెలాగని అడిగిన ప్లీడరు గారి చేత ఒకసారి చూడి గేదెకి నెల్లాళ్లు కుడితి పెట్టించారు. ఆయన అహంకారం పోయిందో లేదో తెలీదు గానీ, మళ్లీ ఆ ప్రశ్న మాత్రం అడగలేదు.

జోగారావు హైస్కూల్లో తెలుగు మాస్టారు. మూడేళ్ల కిందట భార్య పోయింది. అప్పట్నుంచీ ఆవిడ మీద పద్యాలు రాస్తున్నాడు. భార్య పోయిన మగవాడి దుఃఖానికి మన ఊళ్లలో ఆదరణ ఎక్కువ. పక్కింటివాళ్లు చారూ పచ్చడీ పంపుతారు, వదినలు సంబంధాలు చూస్తారు, హెడ్మాస్టారు ఆఖరి పీరియడు క్లాసు తప్పిస్తాడు. అంత సదుపాయంగా ఉన్న దుఃఖాన్ని ఎందుకు జయించాలో జోగారావుకే సరిగ్గా తెలీదు. అయినా జయించాలని ఆయన కోరిక.

సీతారావమ్మ గారు కళ్లు తుడుచుకుని లేచారు. "గొడుగు తీసుకో. గట్టు మీద ఇంకా కొంతమంది తడుస్తున్నారు. వాళ్లకి చోటు చూడాలి," అన్నారు.

ఏటిగట్టు మీద వెదుళ్లలంక వాళ్లు ఉన్నారు. ఎడ్లబండి కింద కొందరు, చాప నెత్తిన వేసుకుని కొందరు, ఏమీ లేక కొందరు. అందరికీ ఎడంగా ఒక పిల్లతల్లి నిలబడి ఉంది. పేరు వీరవేణి. చంకలో నెలల పిల్ల, కుచ్చిళ్లు పట్టుకుని నాలుగేళ్ల పిల్ల. చంకలో దాని ఊపిరి పిల్లికూతలా వినిపిస్తోంది.

"పాలు తాగుతోందా?" అన్నారు సీతారావమ్మ గారు.

"నోరెట్టట్లేదండి. రేతిరంతా నానిపోయింది."

"దీని తండ్రేడీ?"

వీరవేణి నీళ్ల వైపు చూసింది. "పోయాడండమ్మగోరూ. దూడని ఇప్పి వత్తానని దిగాడు. నేను పడవలోంచి చూత్తానే ఉన్నాను. ఓ పాలి తేలాడండి, మళ్లీ తేల్లేదు."

వానెంత పడిందో చెప్పినట్టు చెప్పింది. జోగారావు గొంతు సవరించుకుని ఏదో ఓదార్పు మాట వెతుక్కునే లోపలే పిల్లని చీర చెంగు కింద ఇంకో పక్కకి మార్చుకుంది.

బడిలోనూ, దాని పక్కనే ఉన్న జోగారావు ఇంట్లోనూ మోకాలి లోతు నీళ్లు. కమ్యూనిటీ హాలు పైకప్పు సగం చెరువులో ఉంది. ఊళ్లో ఇళ్లన్నీ తిరిగారు. ఒకరింట్లో పరీక్షకి చదివే పిల్లాడున్నాడు. ఒకరింట్లో విత్తనాల ధాన్యం ఆరబోశారు. ఇంకొకరు "ఇంతకీ వాళ్లేవిట్లమ్మా?" అని గొంతు తగ్గించి అడిగి, జవాబు వినకుండానే నొచ్చుకున్నారు. చివరికి మిగిలింది రైసుమిల్లు గవర్రాజు గారిల్లు.

ఆ ఇంటి ముందు పెళ్లిపందిరి ఉంది. ఈ శ్రావణం మొదట్లోనే కూతురి పెళ్లి చేశారు. వాన భయానికి తాటాకు మీద బరకాలు కప్పించి, బలమైన రాటలు పాతించి, వాకిలి ఎత్తు చేయించి కంకర తొక్కించారు. ఊరంతా నానుతుంటే ఆ పందిరి కింద ముగ్గు కూడా చెదరలేదు.

"భలేవారే, తీసుకురండమ్మా," అన్నారు గవర్రాజు గారు. ఆయన మంచివాడనే పేరు ఉన్నదే. "ఇంట్లోకంటే ఆలోచించాలి గానీ వాకిట్లోనే కదా. ఎంతమందుంటే అంతమందీ రానివ్వండి. వంటలకి బియ్యం కూడా నేనే ఇస్తాను." ఒక్క క్షణం ఆగి, "ఒకటే అండీ. పదహారు రోజుల పండగ వెళ్లేదాకా పందిరి పందిరే కదా. ఆడవాళ్లలో పసుపుకుంకాలున్నవాళ్లయితే బాగుంటుంది. నాకేం పట్టింపు లేదు. మా ఆడవాళ్లు బాధపడతారు," అన్నారు.

వెనకాల ఆయన భార్య భాగ్యవతి గారు, "మాదేముందండీ, మగవాళ్లెలా అంటే అలా," అన్నారు.

అంటే ఆ పట్టింపు ఇద్దరిదీ కాదు. ఎవరిదీ కాకుండానే అది గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడింది.

సీతారావమ్మ గారు గేటు బయటే ఆగిపోయారు. ఆగమని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. జోగారావు గొడుగు ముడిచి తిన్నగా పందిట్లోకి వెళ్లాడు. కుర్చీ వేశారు. కాఫీ తెచ్చారు. ఆయన భార్య పోయిన సంగతి ఊరందరికీ తెలుసు, పందిరికే తెలీదు. కాఫీ రెండు గుక్కలు తాగాక ఆయన బయటికి చూశాడు. వానలో తలమీద చెంగుతో నిలబడి ఉన్న గురువు కనిపించారు. కప్పు నోటిదాకా వెళ్లి ఆగింది.

లంకవాళ్లు వచ్చారు. భాగ్యవతి గారు మొదటి రాట దగ్గర నిలబడ్డారు. నుదుళ్లు చూసి పంపిద్దామనుకున్నారు గానీ వాన అందరి బొట్లూ కడిగేసింది. నోటితో అడగక తప్పలేదు.

"మీ ఆయన?"

"పడవకాడున్నాడండి."

"మీ ఆయన?"

"ఇదుగోండి, ఈ సన్నాసే. గోదారి కూడా వద్దని ఒగ్గేసింది."

నలుగురూ నవ్వారు. ముసలమ్మలు ముగ్గురు మాత్రం అడక్కుండానే పక్కకి తప్పుకున్నారు. వాళ్లలో ఒకావిడ సీతారావమ్మ గారి పక్కకొచ్చి నిలబడి, "బతికున్నన్నాళ్లూ గుడిసె కప్పలేదండి సచ్చినోడు. ఇప్పుడు సచ్చి కూడా వానలోనే నిలబెట్టాడు," అంది. సీతారావమ్మ గారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

వీరవేణి వంతు వచ్చింది. చంకలో పిల్ల ఊపిరి అందరికీ వినిపిస్తోంది.

"మీ ఆయనున్నాడా అమ్మా?"

"ఉన్నాడండి," అంది వీరవేణి. "గేదెల్ని తోలుకుని ఎనకాల వత్తన్నాడు."

జోగారావు కుర్చీలోంచి లేచాడు. అబద్ధం వింటే సరిదిద్దే వృత్తి ఆయనది. నోరు తెరిచేసరికి గేటు బయటి నుంచి గురువు గొంతు వినిపించింది.

"జోగారావూ, కాఫీ చల్లారిపోతుంది."

ఆయన కూర్చున్నాడు.

పందిట్లో ఒక మూల వీరవేణికి పొడి చాప దొరికింది. ఎవరో పాత దుప్పటి ఇచ్చారు. సాయంత్రానికి పిల్ల ఒళ్లు వెచ్చబడింది. పొద్దు గుంకే వేళకి రొమ్ము నోట్లో పెట్టుకుని రెండు గుటకలు వేసింది. తల్లి ఆ గుటకల్ని వింటూ కదలకుండా కూర్చుంది. చుట్టూ ఆడవాళ్లు గేదెల గురించీ, కోళ్ల గురించీ, కొట్టుకుపోయిన బిందెల గురించీ శోకాలు పెడుతున్నారు. వాళ్లకి పెట్టడానికి హక్కుంది. మొగుడు వెనకాల వస్తున్న ఆడదానికి ఏడవడానికి ఏముంటుంది?

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. పడవవాళ్లు ఒక శవాన్ని గట్టుకి లాగి, గవర్రాజు గారి గేటుకి ఎదురుగా పడుకోబెట్టారు. "మీవోడేమో సూసుకోండర్రా!" అని కేకేశారు.

లంకవాళ్లంతా వెళ్లారు. జోగారావు కూడా వెళ్లాడు. నీళ్లు మొహాన్ని ఉబ్బించాయి గానీ, తెలిసినవాళ్లు పోల్చుకోలేనంతగా కాదు. అందరూ చూశారు. చూసినవాళ్లు చూసినట్టే పక్కకి జరిగి దారిచ్చారు. ఆ దారిలోంచి వీరవేణి వచ్చింది.

చంకలో పిల్ల నిద్రపోతోంది. పెద్దపిల్ల కాళ్ల సందుల్లోంచి తొంగిచూసి, "నాన..." అనబోయింది. వీరవేణి దాని మొహాన్ని తన పొట్టలోకి అదిమేసింది. అదిమిన చెయ్యి మళ్లీ తియ్యలేదు. చంకలో పిల్లని చెంగుతో నడుముకి బిగించుకుని, రెండో చెయ్యి చాపి వంగింది. శవం మీద పంచె తప్పుకుని ఉంది. దాన్ని సరిగ్గా లాగింది. చెవిలో ఇరుక్కున్న నాచుని చిటికినవేలితో తీసి పక్కన పారేసింది. పరాయివాడి చెవి ఏ ఆడదీ అలా ముట్టుకోదు.

గేటు దగ్గర నుంచి భాగ్యవతి గారు, "ఏమమ్మా, మీ ఆయన కాదు కదా?" అన్నారు. పాపం, ఆవిడ గొంతులో నిజంగానే ఆదుర్దా ఉంది.

వీరవేణి నిటారుగా నిలబడింది. "కాదండి," అంది.

లంకవాళ్ల మధ్యలోంచి పెద్దిరాజు అనే ముసలాయన దగ్గాడు. చచ్చినవాడికి వరసకి మేనమామ. "ఎగువోడెవుడోనండి," అన్నాడు. "పైనించి ఎన్ని కొట్టుకొత్తన్నాయో ఏటో." మిగిలినవాళ్లు "అవునండవును" అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నారు.

ఎవరూ లేనివాడి కింద జమకట్టి, గట్టు వెనక ఇసుకలో పూడ్చారు. గొయ్యి పెద్దిరాజే తవ్వాడు. లంకలోని మగవాళ్లంతా తలో గుప్పెడూ మట్టి వేశారు. ముక్కూ మొహం తెలియనివాడికి అంతమంది మట్టి వెయ్యడం చూసి గవర్రాజు గారికి కళ్లు చెమర్చాయి. "చూశారా మాస్టారూ, పేదవాళ్లలోనే ఉందండీ మానవత్వం," అన్నారు. జోగారావు తలూపాడు.

వీరవేణి వెళ్లలేదు. పందిట్లో తన చాప మీద ఇంటి గోడకేసి తిరిగి, పిల్లకి పాలిస్తూ కూర్చుంది. వీపు మాత్రం కనిపిస్తోంది. ఆ వీపు ఏ క్షణాన కదులుతుందోనని జోగారావు చూస్తూనే ఉన్నాడు. కదల్లేదు.

సాయంత్రం భాగ్యవతి గారు వరలక్ష్మీ పూజ చేసుకున్నారు. ముత్తైదువలు కావాలి. వరదలో పేరంటాళ్లని ఎక్కడి నుంచి పిలవాలా అని దిగులుపడుతుంటే, పందిరి నిండా ఉండనే ఉన్నారు. అమ్మవారే పంపిందన్నారావిడ. పళ్లెంలో పసుపూ, కుంకుమా, నానబెట్టిన శనగలూ పెట్టుకుని కొత్త పెళ్లికూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఒక్కొక్కరికీ పాదాలకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒళ్లో శనగలు పోస్తున్నారు. వీరవేణి దగ్గరికి వచ్చేసరికి కాస్త ఎక్కువసేపే ఆగారు. మధ్యాహ్నం ఆ శవాన్ని చూసి ఎంత హడలిపోయిందో అని జాలి.

"భయపడకు. మీ ఆయన క్షేమంగా వచ్చేస్తాడు," అని నుదుట రూపాయంత బొట్టు దిద్దారు. "నూరేళ్లూ పసుపుకుంకాలతో చల్లగా ఉండు."

లంక ఆడవాళ్లు తమ ఒళ్లోని శనగలకేసి చూపు దించుకున్నారు. వీరవేణి తల వంచింది.

"ఆయ్, అలాగేనండి," అంది.

తర్వాత ఒళ్లోని శనగల్లోంచి ఒక్కొక్కటే ఒలిచి పెద్దపిల్ల నోట్లో పెట్టింది. పిల్ల నములుతూ తల్లి బొట్టుకేసి చూస్తోంది.

జోగారావు అక్కడ ఉండలేకపోయాడు. గొడుగు కూడా మరిచి బయటికొచ్చాడు. గేటు బయట, సన్నటి జల్లులో, సీతారావమ్మ గారు ముసలమ్మలు ముగ్గురికీ గంజి పోస్తున్నారు. ఆయన వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు. మూడేళ్లుగా పద్యాల్లో ఏడ్చినవాడు ఇప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు. దారినపోయేవాళ్లిద్దరు ఆగి, "అయ్యో మాస్టారూ, ఊరుకోండి, ఊరుకోండి," అని భుజం తట్టి వెళ్లారు.

"చూశావా," అన్నారు సీతారావమ్మ గారు, "నీకు నడిరోడ్డు మీద కూడా చోటుంది."

"ఆవిడని మీ ఇంటికి తీసుకుపోదామమ్మా."

"మా ఇంట్లో గోడకి జారగిలబడ్డానికి కూడా ఖాళీ లేదు. వీళ్లు ముగ్గురూ చూరు కింద నిలబడే నిద్రపోయారు. ఆ పిల్ల ఇంకొక్కసారి తడిస్తే బతకదు."

"మరి నిజం చెప్పేస్తే? గవర్రాజు గారు మంచివారు. అంత కఠినంగా..."

"మంచివాడే. చెప్పు. ఆయన బాధపడతాడు. ఆవిడ బాధపడుతుంది. ఇద్దరూ బాధపడుతూనే చాప తీయిస్తారు. పందిరి కడిగిస్తారు."

జోగారావు పందిరికేసి చూశాడు. దీపాల వెలుగులో ఆడవాళ్ల నుదుళ్లన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. ఆ మూల వీపు ఇంకా అలాగే ఉంది.

"ఒక్క కన్నీటి చుక్క రాల్లేదమ్మా ఆవిడకి," అన్నాడు. "ఎలా ఉండగలుగుతోంది?"

సీతారావమ్మ గారు గంజి గిన్నె బోర్లించి, చెంగు తలమీద సర్దుకున్నారు.

"పద నాయనా," అన్నారు. "ఒక ఆడమనిషి గొంతెత్తి ఏడవడానికి ఈ ఊళ్లో ఎవరిల్లయినా ఇస్తారేమో అడిగొద్దాం."