బుల్లెమ్మ దిగాల్సిన స్టేషను

ఊఁ కొడుతూ విను, అమ్మలూ. అనగనగా సామర్లకోటలో మాణిక్యాంబ అని ఒకావిడ ఉండేది. ముప్ఫయ్యేళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ రైలు ఎటు పోతుందో చెప్పింది. ఎంత మెత్తని గొంతో! అది వింటే ప్లాట్‌ఫారం మీద ఏడ్చే పిల్లలు కూడా ఊరుకునేవారట.

ఆ తర్వాత రిటైరైంది. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచేది. ఆదివారం పిఠాపురంలో చెల్లెలింటికి వెళ్ళేది. సోమ, బుధ, శుక్రవారాలు ఆసుపత్రికి. అక్కడ చూపు ఆనని వాళ్ళకి పేపరు చదివేది, చదువురాని వాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేది.

ఓ సోమవారం కిటికీ పక్క మంచం మీద ఒక ముసలావిడ కనిపించింది. జ్వరంతో రోడ్డు పక్కన పడిపోతే ఎవరో తెచ్చి చేర్పించారు. జ్వరం తగ్గింది గానీ, ఊరి పేరు మర్చిపోయింది. తన పేరూ మర్చిపోయింది. కిటికీలోంచి చూస్తూ, "పొద్దుపోతోంది, ఇంటికెళ్ళాలి" అంటుంది. అంతే.

"శనివారం ఈవిణ్ణి ఎక్కడో దూరాన ఆశ్రమానికి పంపేస్తారండీ," అంది నర్సు. "ఆ తర్వాత వాళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వచ్చినా, ఇక్కడుండదు పాపం."

మాణిక్యాంబకి మనసు నిలవలేదు. అప్పుడు ముసలావిడ చెయ్యి పట్టుకుని, మైకులో చెప్పినట్టే మెల్లగా మొదలెట్టింది.

"పిఠాపురం... గొల్లప్రోలు... దుర్గాడ... అన్నవరం... తుని..."

వార్డంతా రైలెక్కినట్టయింది. మంచాలు ఊగుతున్నట్టు, కిటికీ బయట చెరుకు తోటలు వెనక్కి పోతున్నట్టు అనిపించింది అందరికీ. ముసలావిడ మాత్రం, "ఇంటికెళ్ళాలి" అనే అంది.

బుధవారం రెండో వైపు వెళ్ళే లైను. "బిక్కవోలు... అనపర్తి... ద్వారపూడి... కడియం..." కడియం అనగానే మల్లెల వాసనొచ్చిందంది పక్కమంచం ఆవిడ. ముసలావిడ కళ్ళు మూసుకుని వింది. ఆఖర్న మళ్ళీ అదే మాట.

శుక్రవారం వచ్చేసింది. కాలవ గట్టు మీద నడుస్తుంటే మాణిక్యాంబకి కోటిపల్లి వెళ్ళే చిన్న లైను గుర్తొచ్చింది. ఆ ఊళ్ళ పేర్లు తను మైకులో ఎన్నడూ చెప్పలేదు. చెల్లెలు ఆ వైపు బడిలో టీచరుగా చేసింది. వెంటనే ఫోను చేసి, ఒక్కో ఊరూ చెప్పించుకుంది.

ఆసుపత్రికి వెళ్ళి, మళ్ళీ ఆ చెయ్యి పట్టుకుంది.

"కాకినాడ... కరప... వాకాడ... వెల్ల..."

ముసలావిడ వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి.

"ఆపమ్మా, రైలాపు! మా ఊరొచ్చింది. నేను దిగాలి!" అంటూ లేచి కూర్చుని, కొంగు సర్దుకుంది.

"మీ ఇంట్లో ఎవరున్నారమ్మా?"

"వీరలక్ష్మి. నా కూతురు. కుట్టుమిషను చప్పుడు వినబడుద్ది చూడు, అదే మా ఇల్లు."

అప్పుడు నర్సు వెల్లకి కబురు పంపించింది. పొద్దువాలే లోపే వీరలక్ష్మి పరుగెత్తుకుంటూ వచ్చింది. పన్నెండు రోజులుగా ఊరూరా తిరుగుతోందట, చెప్పులు అరిగిపోయాయి. తల్లిని వాటేసుకుని భోరుమంది.

నర్సు కాయితం తీసి, "పెద్దావిడ పేరేమిటమ్మా?" అని అడిగింది.

"బుల్లెమ్మండీ," అంది వీరలక్ష్మి. తల్లి వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళిపోయావే అమ్మా?" అంది.

బుల్లెమ్మ కూతురి తల నిమిరింది. "రైల్లో ఉన్నానే. కిటికీ పక్కనే సీటు దొరికింది. చల్లగా గాలేసింది."

కథ బయల్దేరింది కంచికి,
అమ్మలు ఒదిగింది మంచానికి,
నిద్ర దిగింది కంటికి,
ఇక మనమూ మనింటికి.