పదహారు అడుగుల రెండంగుళాలు

శనివారం ఉదయం ఆరూ నలభైకి ముక్తేశ్వరరావు టేపు విప్పి తన తోడల్లుడి బోటు పొడుగు కొలిచాడు. పదహారు అడుగుల రెండంగుళాలు. చుట్టూ చూశాడు. రేవులో ఎవరూ లేరు. వెడల్పు కూడా కొలిచి, రెండు అంకెలూ అరచేతిలో రాసుకున్నాడు.

తోడల్లుడు ధర్మారావు ఆ బోటు కొని రెండేళ్లయింది. కార్తీకం రాగానే చుట్టాలందర్నీ అందులో ఎక్కించుకుని, గోదావరి నడుమ ఉన్న లంకకి వనభోజనాలకు తీసుకెళతాడు. రెండుసార్లూ ముక్తేశ్వరరావు తలనొప్పని చెప్పి ఇంట్లో పడుకున్నాడు. ఆ ఇంట్లోనే ఉంటున్న అత్తగారు పులిహోర కట్టుకుని వాళ్ల వెంట వెళ్లేది. భార్య నాగరత్నం తిరిగొచ్చి ఏదో చెప్పబోతే, కంచం ముందునుంచి లేచిపోయేవాడు.

అత్తగారు మాత్రం అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్లందరికీ చెప్పేది: "మా పెద్దల్లుడి బోటా! పల్లకీ అనుకోండి."

ఆ మాట కిటికీలోంచి లోపలికి వినబడేది.

ఇప్పుడు తనూ కొంటున్నాడు. అమ్మకానికి రెండున్నాయి. తెల్లది పద్దెనిమిది అడుగులు, పెద్ద ఇంజను, పాటలపెట్టె. నీలంది పద్నాలుగు అడుగులు, చిన్న ఇంజను, పైన గుడ్డ పందిరి.

రేవు నుంచి నేరుగా మీరా సాహెబు దగ్గరికి వెళ్లాడు. ఆయన ముప్పై ఏళ్లు లాంచీ నడిపే సరంగుగా చేసి, ఇప్పుడు గట్టు మీది చిన్న దర్గాలో ఉంటున్నాడు. ప్రతి గురువారం ముక్తేశ్వరరావు ఆయన ముందు కూర్చుని, మనసు నిలవడానికి దారి అడుగుతుంటాడు. ఇవాళ అరచెయ్యి చూపించాడు.

"ఏ బోటు కొలత నాయనా ఇది?"

"ధర్మారావుది బాబా."

"మరి కొనేదెవరు?"

ముక్తేశ్వరరావు పిడికిలి ముడుచుకున్నాడు.

"రేపు ఇంట్లోవాళ్లని రేవుకి తీసుకురా, నేనూ వస్తాను," అన్నాడు ముసలాయన. "టేపు మరిచిపోకు."

మర్నాడు రెండు బోట్లూ రేవులో పక్కపక్కనే కట్టి ఉన్నాయి.

"తెల్లది తీసుకోండి, ఆయ్! దీని వెనకాల ధర్మారావుగారి బోటు బాతుపిల్లలా ఉంటదండీ," అన్నాడు అమ్మే మనిషి.

ముక్తేశ్వరరావు మొహం విప్పారింది.

"ఏవండీ, అమ్మకి..." అంటూ నాగరత్నం ఏదో చెప్పబోయింది.

"నువ్వుండు," అన్నాడు.

అత్తగారు కూతురి భుజం పట్టుకుని రేవు మెట్లు దిగుతోంది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి, ఊపిరి తీసుకుని, అప్పుడు తర్వాతి మెట్టు.

మీరా సాహెబు ఆవిడ ఆగిన ఆఖరి మెట్టు వైపు చూశాడు. "ముక్తేశం, అమ్మగారు ఇప్పుడు దిగిన మెట్టు ఎత్తెంతో కొలువు."

అతను వింతగా చూసి, వంగి కొలిచాడు. "ఏడంగుళాలు."

"ఈ మెట్టు మీంచి తెల్లబోటు అంచుకి?"

"ఇరవై నాలుగు."

"నీలందానికి?"

"తొమ్మిది."

అత్తగారు ఎవరి మాటా కోసం చూడలేదు. కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని, కూతురి భుజం వదలకుండా నీలంబోటులోకి అడుగుపెట్టి, పందిరి కింద కూర్చుంది. "అమ్మయ్య," అంది.

"ధర్మారావు బోటు అంచు ఎత్తెంతని రాసుకున్నావు?" అని అడిగాడు సాహెబు.

"ఎత్తు కొలవలేదు బాబా."

సాహెబు టేపు చుట్టి అతని జేబులో పెట్టి, దర్గా వైపు నడిచాడు.

నీలంబోటే కొన్నారు. అయినా ఆ వారమంతా తోడల్లుడి బోటు కనబడితే ముక్తేశ్వరరావు తల పక్కకి తిప్పుకునేవాడు. పద్నాలుగు, పదహారు అని లోపల ఏదో లెక్క నడుస్తూనే ఉండేది.

ఆ తర్వాతి ఆదివారం లంకకి వెళ్లారు. అత్తగారు ఇసకలో దిగి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నాలుగువైపులా చూసింది.

"ఇదేనా లంక!" అంది.

ముక్తేశ్వరరావు నవ్వాడు. "అదేంటత్తయ్యా, కొత్తగా చూస్తున్నట్టు! రెండేళ్లూ ధర్మారావు బోటులో వచ్చారుగా?"

నాగరత్నం గిన్నెలు దించుతూ అంది:

"అమ్మ ఎప్పుడొచ్చిందండీ? ఆ బోటు ఎక్కలేక, రెండేళ్లూ మేం తిరిగొచ్చేదాకా రేవు మెట్ల మీదే కూర్చుంది. చెప్పబోతే మీరు కంచం ముందునుంచి లేచిపోయారు."