కరక్కాయ పట్టిన గుడ్డ

గుడ్డ మీద గీస్తున్న గీత మధ్యలో మునికుమారి మళ్ళీ ఆగింది. కలం పక్కన పెట్టి, వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఆనించింది. నాడి కొట్టుకుంటోంది. కలం తీసుకుంది. నాలుగు గీతలు పడకముందే వేళ్ళు మళ్ళీ అక్కడికే పోయాయి.

ఆమె తల్లికి ఎడమచేతిలో నాడి దొరకదు. రక్తనాళాలు లోలోపల వాచి, మెల్లగా మూసుకుపోయే జబ్బు. ఆసుపత్రిలో బిడ్డలిద్దరి రక్తమూ చూశారు. అన్నకు ఏమీ లేదు. "నీకు మాత్రం ఆ గుణం అమ్మ నుంచి వచ్చింది. అది జబ్బు కాదు. జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకో" అన్నాడు డాక్టరు.

గడువు దాటి రెండు నెలలైంది. భయంతో ఆసుపత్రి గడప తొక్కలేదు గానీ, ఇక్కడ కూర్చుని రోజుకు నూరుసార్లు చూసుకుంటోంది. అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటే ఈ పిల్ల మణికట్టులో పెట్టుకుంది.

శ్రీకాళహస్తిలో ఆమెకు కలంకారీ నేర్పుతున్న చెంగల్రాయుడు పది రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పదకొండోనాడు ఆమే అడిగింది.

"నాకు ఆ జబ్బు వస్తుందా, రాదా? ఏదో ఒకటి చెప్పండయ్యా. ఈ నడిమధ్యన బతకలేకుండా ఉండాను."

ముసలాయన లేచి లోపలికి పోయాడు. పాలూ కరక్కాయా పట్టించి ఆరేసిన మూడు గజాల గుడ్డ తెచ్చి ఆమె ముందు పరిచాడు. పక్కన కలమూ, కసిం నీళ్ళ కుండా పెట్టాడు. ఇనుమూ బెల్లమూ ఊరిన ఆ నీళ్ళు మామూలు గుడ్డ మీద పడితే పలచని తుప్పు మరకే. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితే క్షణంలో కాటుక నలుపు. ఎన్నిసార్లు ఉతికినా పోదు.

"సాయంత్రం దాకా ఇది నీది. మచ్చ పడకుండా చూసుకో పాపా" అని వెళ్ళిపోయాడు.

గాలికి గుడ్డ అంచు లేస్తే మోకాలితో అదిమింది. గోడ మీంచి పిల్లి దూకితే కుండను రెండు చేతులా కావలించుకుంది. అన్నం ముట్టలేదు. పొద్దు వాలేసరికి నడుము కొయ్యబారింది.

చెంగల్రాయుడు వచ్చాడు.

"ఒక్క మచ్చ పడలేదయ్యా!"

"అవును, పడలేదు" అన్నాడాయన. గుడ్డను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "బొమ్మేదీ?"

"కలం ముంచితే ఎక్కడ చుక్క పడుతుందోనని..."

"మరి కరక్కాయ పట్టించింది ఎందుకు?"

మునికుమారికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "గుడ్డంటే గుడ్డేనయ్యా! ఇది నా ఒళ్ళు!"

ఆయన కలం ఆమె చేతికిచ్చాడు. "ముంచు."

ముంచింది.

"కుండ అంచుకు ఒత్తు. మొన చూడు."

చూసింది. చుక్క వేలాడటం లేదు.

"ముంచినప్పుడల్లా ఒకసారి చూడాల. చూసినాక గీయాల."

మునికుమారి గీసింది. ముంచింది, చూసింది, గీసింది. వెలుగు తగ్గేదాకా ఆమె వేళ్ళు మణికట్టు మీదికి పోలేదు.

కలం కడుగుతూ, తల ఎత్తకుండానే అంది. "రేపు పొద్దున బస్సుకు తిరపతికి పోయి, డాక్టరుకు చూపించుకొనొస్తానయ్యా."

"పోయిరా పాపా" అన్నాడు చెంగల్రాయుడు. "నువ్వొచ్చేదాకా ఈ గుడ్డ మడిచేది లేదు."