ఊరివైపు తిరిగిన గుర్రం తోక

ప్రతాపభైరవ మహారాజు యుద్ధంలో తొలి భేరీ మోగగానే గుర్రాన్ని ఇంటిదారి పట్టించాడు. ఆయన వెనకాలే సైన్యమూ పరుగెత్తింది. కోట చేరాక మాత్రం, "సైన్యమంతటికీ ముందున్నది నేనే" అని ఊరూరా చాటింపు వేయించాడు. అంతటితో ఆగాడా? ఊరికి తూర్పు చివర తాను కట్టించిన చిత్రశాల ముందు, గుర్రమెక్కిన తన విగ్రహం నిలబెట్టమన్నాడు. ఇత్తడి కోసం భటులు ఇంటింటా బిందెలూ చెంబులూ ఊడ్చుకుపోయారు. విగ్రహం పోతపోసిన కంచరి బ్రహ్మలింగం ఇంట్లో కూడా నీళ్ళు తాగడానికి మట్టిముంతే మిగిలింది.

ఆవిష్కరణనాడు తెర తీశారు. ఊరి జనానికి ఎదురుగా గుర్రం పిర్రలు, తోక, ఆపైన రాజుగారి వీపు!

"ఓరి కంచరీ, చేతులు నరికిస్తాను! నా ముఖం జనానికి కనిపించొద్దా?" అని రాజు గర్జించాడు.

"తమరు సైన్యానికి ముందున్నారని చాటింపులో విన్నాను ప్రభూ. ముందున్నవారి వీపే కదా వెనకవాళ్ళకు కనిపించేది! శత్రువుల సరిహద్దు అదిగో, తూర్పున. తమరు అటే దూకుతున్నారు. ఊరివైపు తిప్పమంటే ఈ క్షణమే తిప్పుతాను. కాకపోతే శత్రువుని వదిలేసి ఇంటికి పరుగెత్తుతున్నట్టుంటుంది. అదే నిజమని తమరు ఇందరి ముందూ సెలవిస్తే సరి."

ఆనాడు వెంట పరుగెత్తిన సైనికులంతా అక్కడే నిలబడి వింటున్నారు. రాజు వాళ్ళవైపు ఓసారి చూసి, "ఉండనీ" అని గొణిగాడు.

చిత్రశాలకు దారి ఆ తోక కిందుగానే పోతుంది. ప్రతాపభైరవుడు బతికినన్నాళ్ళూ అక్కడికొచ్చిన ప్రతిసారీ కిరీటం పట్టుకుని వంగే వెళ్ళాడు.