గిట్టల సంఘమూ, కంచు గంటా

ఎర్రగుట్ట మేకల మందకు ఒక కంచు గంట ఉండేది. ఏ బండెద్దు మెడ నుంచి తెగిపడిందో గానీ, ఏడు తరాలుగా అది మేకపోతు మెడలోనే వేలాడుతోంది. పోతు ముందు నడిచేవాడు. మిగతా మందంతా తలలు దించుకుని ఆ గణగణ వెంట పోయేది. దారి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా.

కిందటేడు వాగు దగ్గర గుంటయ్య అనే గుంటనక్క ఎదురుపడితే, గడ్డాల పోతు మామ గంటతో సహా పరుగు లంఘించుకున్నాడు. చప్పుడు వినపడక మంద చెల్లాచెదురైంది. ఇంటిదారి తెలియని మూడు పిల్లలు తిరిగి తిరిగి నక్క పాలయ్యాయి. అందులో ఒకటి కర్రి అనే మేకపిల్ల చెల్లెలు.

కర్రి కొమ్ములింకా వేలెడు లేవు. అయినా ఏడ్చి ఊరుకోలేదు. తన ఈడు ఆడపిల్లల్ని పోగేసి గిట్టల సంఘం పెట్టింది. సంఘానికి కట్టుబాటు ఒకటే. రోజుకొకరు ముందు నడవాలి, ఆ రోజు ఆమె మాటే మాట. మిగిలినవాళ్ళు దారి కంఠతా పట్టాలి. ఏ రాయి జారుతుందో, ఏ మలుపులో నీళ్ళున్నాయో సాయంత్రం బండరాయి ఎక్కి అందరికీ వినపడేలా చెప్పాలి. చుక్కి అనే బక్కపిల్లకు మొదటి రోజు గొంతే పెగల్లేదు. పదో రోజు దాని అరుపుకు ఎదుటి కొండ బదులిచ్చింది.

ఆ ఎండాకాలం గుట్ట మీద ఆకన్నది లేకుండా మాడిపోయింది. నీళ్ళున్నది ఒక్క నీలకోనలోనే. అక్కడికి పోవాలంటే గుంటయ్య ఇలాకా దాటాలి. పోతు మామ ఇవాళ కాళ్ళ నొప్పన్నాడు, రేపు దినం మంచిది కాదన్నాడు.

"గంట మాకివ్వు మామా, మేం తీసుకుపోతాం," అంది కర్రి.

"ఆడది తిరిగి చెడుతుందన్నారు పెద్దలు!"

"మిగతా సగం మింగేశావేం? మగాడు తిరక్క చెడతాడని కూడా అన్నారు."

"గడ్డం ఉన్నవాడి మాటకి ఎదురు చెబుతావా?"

"గడ్డమే గొప్పయితే మా అమ్మమ్మకు నీకంటే బెత్తెడు ఎక్కువే ఉంది."

ముసలిమేకలు మూతులు తిప్పుకుని నవ్వాయి. పోతు మామకు రోషం పొడుచుకొచ్చింది. "సరే! ఒక్క పిల్ల తప్పిపోయినా మీ సంఘం రద్దు. ఇక ఏ ఆడపిల్లా నా ముందు నడవకూడదు. ఆఁ, గంట మోసేది వెనక్కి చూడకూడదు. అది మన ఆచారం."

"చూడకపోబట్టే ముగ్గుర్ని పోగొట్టావు," అంది కర్రి.

మర్నాడు పొద్దున్నే మంద కదిలింది. ఆ రోజు వంతు చుక్కిది. దారి రెండుగా చీలే పెద్ద గుండు దగ్గర, తంగేడుపూల దండ పట్టుకుని గుంటయ్య నిలబడి ఉన్నాడు.

"ఆహా! ఆడపిల్లలు ముందు నడవడమే! మీ సంఘానికి సన్మానం చేద్దామని పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డా తల్లీ. నాయకురాలెవరమ్మా?"

"ఇవాళ నేను," అంది చుక్కి.

"నువ్వా బుజ్జితల్లీ! ఇంత మెడకి అంత గంటా? అదిలా ఇచ్చి దండ వేసుకో. నేను మోస్తూ ముందు నడుస్తా. నీడా నీళ్ళూ ఉన్న అడ్డదారి నాకు తెలుసు."

కర్రి ఒళ్ళు మండిపోయింది. చెల్లెల్ని మింగిన మూతి అది. కొమ్ములు దించి దూకబోయింది. చుక్కి తోక ఒక్కసారి ఆడించింది, ఆగమని. వంతు చుక్కిది. కర్రి పళ్ళు బిగించి ఆగింది.

"మెడ పీకుతోంది బాబాయ్, నీకు పుణ్యముంటుంది, మోయి," అంది చుక్కి. "కానీ గంట మోసేవాళ్ళు వెనక్కి చూడకూడదు మరి."

"నాకు తెలియదా తల్లీ! మీ మామ నడక చూస్తూ పెరిగినవాణ్ణి."

గుంటయ్య మెడకు గంట నారతాడు చుట్టి, పుల్లి అనే పిల్ల పళ్ళతో ముడి మీద ముడి బిగించింది. గుంటయ్య తోకెత్తి ఎడమ దారి పట్టాడు. గంట ఎటుంటే మేకలు అటు. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే కదా!

ఆడపిల్లలు తలా ఒక పెద్దమేక పక్కన చేరారు. "పిన్నీ, గంట వినకు. నా గిట్టల చప్పుడు విను." మంద చప్పుడు చెయ్యకుండా నీలకోన ఉన్న కుడివైపు తిరిగింది.

తోకన నడుస్తున్న పోతు మామ గుడ్లురిమాడు. "గంట ఎడమకి పోతుంటే కుడికి పోతారేం?"

"గంట నక్క మెడలో ఉంది మామా!"

"నక్కయితేనేం, మగాడేగా!" అని విదిలించుకుని ఎడమకే పోయాడు.

నీలకోన చేరేసరికి ఒక్క పిల్లా తగ్గలేదు. మంద నీళ్ళ మీద పడింది. "పందెం పిల్లల మీదే. గెలిచాం," అంది కర్రి. "పోతే పోనీ ఆ మామ!"

చుక్కి నీళ్ళలో మూతి పెట్టలేదు. "ఇవాళ ముందు నడిచింది నేను. ఎవరు వెనకబడ్డా వదిలొచ్చింది నేనే అవుతాను." అని వెనక్కి పరిగెత్తింది. సంఘమంతా దాని వెంటే. అందరికంటే ముందు కర్రి.

అక్కడ గుహ ముందు నక్క పెళ్ళాం నిలదీస్తోంది. "మేకలేవీ?"

"ఇవిగో, వెనకే..." అంటూ గుంటయ్య తిరిగి చూశాడు. రొప్పుతూ ఒక్క పోతు మామ!

"తా దూర కంత లేదు, మెడకో డోలా! మందని తెస్తానని ఈ తోలూ ఎముకలూ తెచ్చావా?"

నలుగురు నక్క కొడుకులు పోతుని చుట్టుముట్టారు. ఎవరి వెంట పరిగెత్తాలో తెలియక మామ గుడ్లప్పగించాడు. అంతలో పై బండ మీద నుంచి రాళ్ళవాన మొదలైంది. ఇరవై జతల గిట్టలు తన్నుతుంటే నక్కలు కుయ్యోమంటూ గుహలో దూరాయి.

"మామా, కుడికి! జారుడుబండ దాటి దూకు!" కొండ మారుమోగేలా అరిచింది చుక్కి.

పోతు మామ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఓ ఆడపిల్ల మాట విన్నాడు. బతికాడు.

గుంటయ్య మెడలో గంట మాత్రం ఊడలేదు. ముడి విప్పమంటే పెళ్ళాం, "నువ్వే కట్టించుకున్నావు, నువ్వే విప్పుకో," అంది. కుందేలు దగ్గరికి పోతే గణగణ, కౌజుపిట్ట దగ్గరికి పోతే గణగణ. చివరికి ఎర్రగుట్ట వదిలి పారిపోయాడు. ఏ దిక్కుకి పోయాడో అడవంతా విని నవ్వింది.

కోనలో కడుపునిండా నీళ్ళు తాగి పోతు మామ గొణిగాడు. "గంట పోయింది. రేపు ముందు నడిచేదెవరు?"

"పుల్లి."

"ఎల్లుండి?"

"దారి నేర్చినవాళ్ళు ఎవరైనా," అంది చుక్కి. "నీక్కూడా వంతిస్తాం మామా. అందాకా వెనక నడుస్తూ నేర్చుకో."

గంటనైతే దొంగిలించొచ్చు, నేర్చుకున్న దారిని ఏ నక్కా ఎత్తుకుపోలేదు.